యాత్రికుడూ – మూగజీవీ

1689వ సంవత్సరంలో ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడొకరు ఓడలో సూరత్ చేరుకున్నారు. ఆ రోజుల్లో ఇంగ్లీషువారి ఓడలు తపతీ ముఖద్వారానికి ఉత్తరాన, సువాలి తీరంలో లంగరు దించేవి. నేను నివసించే ఇచ్ఛాపూర్ ఆ సువాలికీ సూరత్ నగరానికీ నడుమ, హజీరా రోడ్డు మీద ఉన్నది. స్వదేశానికి తిరిగివెళ్ళి 1696లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఓవింగ్టన్, ఇక్కడి వర్తకాన్నీ ఆచారాలనూ వర్ణిస్తూ, నగరానికి మైలు దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిని గురించి ప్రత్యేకంగా వ్రాశారు. అది మనుష్యుల కోసం కట్టినది కాదు. కుంటివైన ఆవులు, ముసలి గుర్రాలు, జబ్బుచేసిన మేకలు, కుక్కలు – పనికిరావని యజమానులు వదిలివేసిన జీవాలన్నింటినీ బనియా వర్తకులు తమ సొమ్ముతో అక్కడ పోషించేవారట. దాని చెంతనే నల్లులు మొదలైన పురుగులకు వేరొక ఆశ్రయం ఉండేదనీ, వాటి ఆహారం కోసం ఒక పేదవానికి కూలి ఇచ్చి రాత్రంతా అక్కడ పడుకోబెట్టేవారనీ కూడ ఆయన వ్రాశారు!

ఈ చివరి ముక్క చదివినప్పుడు నవ్వు వస్తుంది. ఆ తరువాత ఆ పేదవాడు గుర్తుకువచ్చి నవ్వు ఆగిపోతుంది. ఆ సంగతి అటుంచి, నన్ను ఆకర్షించినది మరొకటి. దూరదేశం నుంచి వచ్చిన యాత్రికుడు ఒక నగరాన్ని అంచనా వేయడానికి అక్కడి జంతువుల స్థితిని ఒక కొలబద్దగా తీసుకున్నాడు. ఆయనకు ముందే, 1623లో, పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ దేశపు యాత్రికుడు ఇదే గుజరాతులోని ఖంభాత్‌లో పక్షుల ఆసుపత్రిని చూసి ఆశ్చర్యపడి లేఖ వ్రాశాడు. వారి దేశాలలో ఆనాడు ఎలుగుబంటిని గుంజకు కట్టి దాని మీదికి కుక్కలను ఉసిగొల్పడం జనానికి వినోదం. ఇంగ్లండు ఆ వినోదాన్ని చట్టం ద్వారా మాన్పించినది 1835లో. అంటే పదిహేడవ శతాబ్దంలో దేశాలకు జీవకారుణ్యంలో మార్కులు వేసే పద్ధతి ఉండివుంటే, సూరత్‌కు మొదటి తరగతి, లండనుకు సున్న వచ్చి ఉండేవి.

అటువంటి మార్కులు వేసే పద్ధతి ఈనాడు నిజంగానే ఉన్నది. లండను కేంద్రంగా గల ‘వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్’ అనే సంస్థ 2014లో మొదటిసారి, 2020లో రెండవసారి, యాభై దేశాల చట్టాలను పరిశీలించి ఏ నుంచి జి వరకు తరగతులు నిర్ణయించింది. నా బోటివారికి ఆ పట్టిక ఎందుకు అవసరమవుతుందని ఎవరైనా అడగవచ్చు. నేను అనువాదకురాలిని. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నా, నా జీవనోపాధికి మందుల సీసాల కాగితాల నుంచి యంత్రాల సూచనల వరకు ఏది వస్తే అది తెలుగు చేస్తాను. 2024 డిసెంబరులో సూరత్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం మొదలైంది. లింబాయత్ ప్రాంతంలో మగ్గాల పని మీద వచ్చి తరతరాలుగా స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాలు, హజీరా కర్మాగారాలలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు, అందరూ కలిస్తే ఇక్కడ తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. అందుచేత ఒక యాత్రా సంస్థవారు తమ కరపత్రాన్ని తెలుగులోకి మార్చిపెట్టమని 2025 జనవరిలో నాకు పంపారు. ఇరవైనాలుగు పుటలు.

ఇరవైమూడు పుటలు రెండు రోజులలో సాగిపోయాయి. ఒక్క పుట దగ్గర కలం ఆగింది. అందులో ఏనుగు సవారీ, పులిపిల్లకు పాలసీసా పట్టి ఫోటో తీయించుకోవడం, ఏనుగు కుంచె పట్టి బొమ్మ గీసే ప్రదర్శన. వాటి వర్ణనలో మాటిమాటికీ వచ్చిన పదం ‘ట్రెయిన్డ్’. తెలుగులో దానికి మనం ‘శిక్షణ పొందిన’ అంటాము. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం. తెలుగులోకి వచ్చేసరికి అది దండన అయి కూర్చుంది. బడిపిల్లల విషయంలో ఈ రెండు అర్థాలూ ఎందుకు కలిసిపోయాయో మన తాతల కాలపు బడులు చూసినవారికి వివరించనక్కరలేదు. ఏనుగు విషయంలో మాత్రం మన భాష, తెలిసో తెలియకో, ఉన్న నిజం చెప్పింది.

ఏనుగు ఆవువలె, కుక్కవలె పెంపుడు జంతువు కాదు. వేల సంవత్సరాలుగా మనిషి చెంత ఉన్నా, సాధుస్వభావం చూసి ఎన్నిక చేసి తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన జాతి కాదు. రాజుల గజశాలలకు సైతం అడవి నుంచే పట్టి తెచ్చేవారు. అందువల్ల ప్రతి ఏనుగునూ విడివిడిగా లొంగదీయవలసిందే. థాయిలాండులో ఆ ప్రక్రియకు ‘ఫజాన్’ అని పేరు. గున్నను తల్లి నుంచి విడదీస్తారు. కదలడానికి వీలులేని దుంగల చట్రంలో బంధిస్తారు. తాళ్ళతో కాళ్ళు కడతారు, నిద్ర, తిండి కరవు చేస్తారు, అంకుశంతో పొడుస్తారు. మనిషి మాట వినడం తప్ప వేరే గతి లేదని అది గ్రహించే వరకు ఇది సాగుతుంది. ఆ తరువాతనే అది వీపు మీదికి మనిషిని ఎక్కనిస్తుంది. కుంచె పట్టుకునే ఏనుగును చూసి ముచ్చటపడే ప్రేక్షకునికి, పక్కనే నిలబడి దాని చెవి పట్టుకున్న మావటి వ్రేళ్ళు కనిపించవు. 2017లో అదే సంస్థ థాయిలాండు, శ్రీలంక, నేపాలు, లావోసు, కంబోడియాలతోపాటు మన దేశంలో కూడ పర్యాటకుల కోసం వాడే సుమారు 3,000 ఏనుగుల స్థితిని పరిశీలించి, నాలుగింట మూడువంతులకు పైగా దుర్భరస్థితిలో ఉన్నాయని ప్రకటించింది. సవారీ లేనప్పుడు పొట్టి గొలుసులతో కట్టివేయబడి ఉండడమే వాటి దినచర్య.

పులిపిల్లల సంగతి ఇంతకంటె బాధాకరం. థాయిలాండులోని కాంచనబురిలో ఒక బౌద్ధారామం పులుల మఠంగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. కాషాయవస్త్రాల భిక్షువులు పులుల పక్కన నడుస్తున్న ఛాయాచిత్రాలు పాఠకులలో పలువురు చూసే ఉంటారు. 2016లో అధికారులు సోదా చేసి 137 పులులను అక్కడ నుంచి తరలించారు. శీతలపెట్టెలో 40 పులిపిల్లల కళేబరాలు దొరికాయి. తరలించిన పులులలోనైనా అన్నీ బ్రతికాయా అంటే, అదీ లేదు. మూడేళ్ళలో సగానికి పైగా మరణించాయని 2019లో అధికారులే చెప్పారు.

ఇదంతా తెలిసిన తరువాత ఆ పుటను తియ్యటి తెలుగులోకి మార్చడం నా వల్ల కాలేదు. సంస్థ యజమానికి ఫోను చేశాను. ఆయన మర్యాదస్తుడు, జైనుడు, ఉల్లిపాయ కూడ ముట్టని నిష్ఠాపరుడు. ఆయన కరపత్రంలోనే ‘వంటవాడు వెంట వస్తాడు, పట్టాయాలో కూడ పరిశుద్ధ జైన భోజనం’ అని మొదటి పుటలో పెద్ద అక్షరాలు ఉన్నాయి. “బెన్, జనం అదే అడుగుతారు. పిల్లలు ఏనుగు కోసమే వస్తారు. మనం చూపకపోతే పక్క దుకాణంవాడు చూపిస్తాడు” అన్నారు. నిజమే, పక్క దుకాణంవాడు చూపిస్తాడు. ఇరవైమూడు పుటలు ఇచ్చి, ఇరవైమూడింటికే డబ్బు తీసుకున్నాను. ఆ ఒక్క పుట ఇంకెవరో అనువదించారు. ‘మరపురాని మధురానుభూతి’ అని అచ్చయింది. తరువాతి కరపత్రం నా దగ్గరకు రాలేదు.

కంచంలో ఉల్లిపాయ లేకుండా చూసుకునేంత జాగ్రత్త, టిక్కెట్టు వెనుక అంకుశం లేకుండా చూసుకోవడానికి ఎందుకు పనికిరాదని చాలారోజులు ఆలోచించాను. కంచం కళ్ళముందు ఉంటుంది. టిక్కెట్టు మీద మాత్రం ఏనుగు నవ్వుతూ ఉంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే భీమవరం దగ్గరి మా పుట్టింటి నుంచి తమ్ముడు ఫోను చేశాడు. వేసవి సెలవులలో పిల్లను తీసుకొని సూరత్ వస్తామనీ, మా ఇంట్లో రెండు రోజులుండి అందరం కలిసి బ్యాంకాక్ వెళదామనీ వాడి ఆలోచన. వాడి కూతురికి తొమ్మిదేళ్ళు. “అక్కా, అది ఏనుగు ఎక్కుతానని ఇప్పటినుంచే గోల చేస్తున్నది” అన్నాడు. నేను చెప్పవలసింది చెప్పాను. వాడు ఓపికగా విని, “మరి సంక్రాంతికి రమ్మంటే ఏటా వస్తావు గదా! బ్యాంకాక్ ఏనుగు మీద ఉన్న జాలి మన ఊరి కోడి మీద లేదా?” అన్నాడు.

తమ్ముళ్ళకు దేవుడిచ్చిన వరం ఇదే – సరిగ్గా ఎక్కడ గుచ్చాలో వారికి తెలుసు. మా ప్రాంతంలో సంక్రాంతి మూడు రోజులు కోడిపందేలకు ప్రసిద్ధి. డేగ, కాకి, నెమలి అని రంగులను బట్టి పేర్లు. ఏ రంగు కోడి ఏ రోజు గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం. కాలికి కట్టే కత్తి. బరి చుట్టూ గుడారాలు. పల్నాటి యుద్ధానికే కోడిపందెం కారణమని చెప్పుకునే జాతి మనది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పందేలు నేరం. 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు కూడ వాటిని ఆపవలసిందేనని స్పష్టంగా ఆదేశించింది. అయినా జనవరి రాగానే హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, అమెరికా నుంచి సైతం కార్లు బారులుతీరుతాయి. భీమవరం హోటళ్ళలో గది దొరకదు. నేను బరి దగ్గరకు ఎప్పుడూ వెళ్ళలేదు. మా అమ్మ అరిసెల కోసమే వెళతాను. కాని వాడన్న మాటలో ఒక నిజం ఉన్నది. పర్యాటకులను గురించి మాట్లాడేటప్పుడు మనకు తెల్లవారో, జపానువారో కళ్ళముందు మెదులుతారు. బరి చుట్టూ చేరిన మనవాళ్ళు కూడ పర్యాటకులే. వారి రాకతోనే పందెం పెద్దదయింది.

ఆ మాటకు వస్తే సంక్రాంతి నాడు సూరత్‌లో ఉన్నవారికీ తప్పించుకునే దారి లేదు. ఇక్కడ ఆ పండుగ పేరు ఉత్తరాయణ్. మిద్దెలన్నీ జనం, ఆకాశమంతా గాలిపటాలు, ఇంటింటా ఊంధియూ వాసన. గాజుపొడి పట్టించిన మాంజా దారం తెగి చెట్లకు, తీగలకు వ్రేలాడుతూ ఉంటుంది. సాయంకాలం గూళ్ళకు మరలే కొంగలు, పావురాలు, గ్రద్దలు ఆ దారానికి రెక్కలు తెగి రాలిపడతాయి. నైలాను మాంజాను 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అదే సంవత్సరం నుంచి గుజరాతు ప్రభుత్వం ‘కరుణా అభియాన్’ పేరుతో పండుగ రోజుల్లో గాయపడిన పక్షులకు చికిత్స ఏర్పాటు చేస్తున్నది. సందు చివర బల్ల వేసుకొని, అట్టపెట్టెలూ కట్లూ పెట్టుకొని కాలేజీ కుర్రవాళ్ళు కూర్చుంటారు. పైన మిద్దె మీద దారం కోసేవాడూ, క్రింద బల్ల దగ్గర కట్టుకట్టేవాడూ ఒకే ఇంటివారు కావడం నేను చూశాను. ఓవింగ్టన్ చూసిన ఆసుపత్రి వారసత్వం ఇక్కడ పోలేదు. సూరత్‌లో పాంజ్రాపోల్ ఈనాటికీ ఉన్నది. అయితే ఓవింగ్టన్ జనవరి పదునాలుగున వచ్చి ఆకాశం వైపు చూసి ఉంటే ఏమి వ్రాసేవాడో!

ఇక ఆ పట్టిక సంగతి. 2020 నాటి నిర్ణయంలో ఏ తరగతి ఒక్క దేశానికీ దక్కలేదు. బ్రిటన్, స్వీడన్, స్విట్జర్లాండు, ఆస్ట్రియా వంటి కొద్ది దేశాలకు బి వచ్చింది. భారతదేశానికి సి, అమెరికాకు డి. మన దేశానికి సి రావడం చూసి ఆశ్చర్యపడేవారు ఉంటారు, అమెరికాకు డి రావడం చూసి ఇంకా ఆశ్చర్యపడేవారు ఉంటారు. కారణం, ఆ పట్టిక కొలిచేది ప్రధానంగా చట్టాలను. చట్టాలు వ్రాయడంలో మనం వెనుకబడినవాళ్ళం కాము. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టి చేసిన కృషి ఫలితంగానే 1960 నాటి చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహం – ఈ అయిదింటినీ సర్కసులలో ఆడించరాదని 1998లో నిషేధించాము. డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి లేదని 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళిన మన తల్లిదండ్రులను ఫ్లారిడా తీసుకుపోయి చూపించే డాల్ఫిన్ల ఆటకు మన గడ్డ మీద అనుమతి దొరకదు.

ఇదంతా గర్వంగానే చెప్పుకోవచ్చు. కాని అదే 1960 చట్టం ప్రకారం ఒక జంతువును హింసించినందుకు మొదటి నేరానికి జరిమానా ఎంతో తెలుసునా? కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50. అరవై అయిదేళ్ళ క్రితం యాభై రూపాయలంటే ఒక గుమాస్తాకు కొన్ని రోజుల జీతం. ఈనాడు అది ఇద్దరి టీ ఖర్చు. పరీక్షలో వ్యాసం చక్కగా వ్రాసినందుకు వచ్చిన సి అది. ఇంటికి వచ్చి పిల్లవాడు ఎలా ప్రవర్తిస్తున్నాడో ఆ మార్కులు చెప్పవు. జయపురం దగ్గర అంబర్ కోట ఎక్కడానికి ఏనుగులను వాడుతున్నందుకు మన దేశాన్ని విడిచిపెట్టమని విదేశీయులు ఎవరైనా అంటే మనకెలా ఉంటుంది? కోట క్రింద గాజులు అమ్ముకునే అమ్మాయి ఏ ఏనుగునూ కొట్టలేదు.

దేశాన్ని మొత్తంగా బహిష్కరించాలనే వాదం నాకు అందువల్లనే రుచించదు. థాయిలాండు కథను ఇంకొంచెం లోతుగా చదివితే మరొక చిక్కు కూడ ఎదురవుతుంది. అక్కడి ఏనుగులు ఒకప్పుడు అడవులలో దుంగలు లాగేవి. అడవులు తరిగిపోయి, 1989లో ఆ ప్రభుత్వం కలప నరకడాన్ని నిషేధించింది. అడవికి అది మేలు. ఏనుగులకూ మావటీలకూ మాత్రం ఒక్కసారిగా పని పోయింది. రోజుకు నూటయాభై కిలోలకు తక్కువ కాకుండా మేత తినే జంతువును పెట్టుకొని పేద మావటి ఏమి చేస్తాడు? పట్టణాల వీధులలో బిచ్చమెత్తించాడు. ఆ తరువాత పర్యాటకుల శిబిరంలో చేర్చాడు. 2020లో కోవిడ్ వచ్చి పర్యాటకులు ఆగిపోయినప్పుడు శిబిరాలు మూతపడి, ఉత్తర థాయిలాండులో మావటీలు ఏనుగులను నడిపించుకుంటూ తమ కొండ గ్రామాలకు మరలిపోయారు. అందరం వెళ్ళడం మానివేస్తే ఏనుగు స్వతంత్రమవుతుందనుకోవడం పొరపాటు. అది ఆకలితో ఉంటుంది.

అలా అయితే ఆ పట్టిక దండుగా? కాదనుకుంటాను. గట్టి చట్టం ఉండి, అది అమలు జరిగే దేశంలో ఏమీ తెలియని యాత్రికుడు కూడ పెద్ద హాని చేయలేడు. హాని చేసే వస్తువు అతనికి అంగడిలో దొరకదు. చట్టం బలహీనమైన చోట అన్నీ దొరుకుతాయి. ఏది కొనాలో, ఏది కొనరాదో అక్కడ యాత్రికుడే నిర్ణయించుకోవాలి. కనుక బయలుదేరే ముందు ఆ పట్టికలో దేశం పేరు చూసుకుంటే, అక్కడ కళ్ళు ఎంత తెరచుకొని తిరగాలో తెలుస్తుంది. నేను దానిని అంతవరకే వాడుతున్నాను. మిగిలినదంతా టిక్కెట్టు దగ్గర తేలవలసిన విషయం – ఈ ఒక్క టిక్కెట్టు కొంటే, ఏ జంతువు చేత ఏ పని బలవంతాన చేయిస్తారు? కొనకపోతే ఆ పని మిగులుతుందా, పోతుందా?

ఈ విషయంలో బ్రిటన్‌వారు 2023లో ఒక వింత చట్టం చేశారు. జంతువులను హింసించే వినోదాలు పరదేశంలో జరిగినా సరే, వాటికి తమ దేశంలో ప్రకటనలు ఇవ్వరాదు, టిక్కెట్లు అమ్మరాదు. పరదేశపు ఏనుగును వారు రక్షించలేరు. తమ ఊరిలోని యాత్రా దుకాణాన్ని శాసించగలరు. ఏయే వినోదాలు దీని క్రిందికి వస్తాయో ప్రభుత్వం వేరుగా ప్రకటించాలని అందులో ఉన్నది కాబట్టి, కాగితం మీది నుంచి దుకాణం దాకా దాని ప్రయాణం సుదీర్ఘమే. అయినా సూత్రం నాకు నచ్చింది. అంతకుముందే, 2016లో, ట్రిప్ అడ్వైజర్ అనే అంతర్జాతీయ యాత్రా సంస్థ, వన్యమృగాలను తాకే, ఎక్కే వినోదాలకు టిక్కెట్లు అమ్మడం మానుకుంటామని ప్రకటించింది. జనం అదే అడుగుతారు గదా అనే మాట వారికీ ఎవరో చెప్పే ఉంటారు.

టిక్కెట్టే లేని చోటు ఒకటి నేను చూశాను. నా చిరునామా వల్లనే అక్కడికి వెళ్ళడం జరిగింది. ఇచ్ఛాపూర్ అని చెప్పగానే తెలుగువారు నూటికి తొంభైమంది శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం అనుకుంటారు. “ఒరిస్సా సరిహద్దులో మా మేనమామగారు ఉండేవారండి” అని మొదలుపెట్టినవారిని ఆపడం నాకు అలవాటయింది. ఇంతమంది నన్ను ఆ ఊరిదానిని చేసిన తరువాత ఒకసారి చూసిరావాలనిపించింది. ఆ ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అనే పల్లె ఉన్నది. ఏటా జూన్‌లో, తొలకరికి ముందుగా, ముక్కు మధ్య సందు గల కొంగలు గుంపులు గుంపులుగా అక్కడి చెట్లపై దిగుతాయి. గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, చలికాలం మొదట్లో వెళ్ళిపోతాయి. పొలాలలోని నత్తలు వాటి ఆహారం. సైబీరియా నుంచి వస్తాయని ఊరివారు నమ్మకంగా చెబుతారు. నిజానికి ఇది దక్షిణాసియాకు చెందిన జాతియేనని పక్షిశాస్త్రజ్ఞుల మాట. నేను వాదించలేదు. అతిథి ఎంత దూరం నుంచి వస్తే ఇంటికి అంత గౌరవం.

నేను వెళ్ళినది ఆగస్టులో. చెట్లు ఊరి బయట లేవు. పెరళ్ళలో, వీధులలో, గుడి పక్కన ఉన్నాయి. రెట్టలతో పెంకులు తెల్లబడ్డాయి. వాసన సంగతి మర్యాదగా విడిచిపెడతాను. ఆరబెట్టిన బట్టలు మళ్ళీ ఉతుక్కుంటూ ఒక పెద్దావిడ, “పిట్టలు రాని ఏడు వానలుండవమ్మా. మన ఆడపిల్లలు పురిటికి వచ్చినట్టే అనుకుంటాం” అన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేల చెట్లను కూల్చివేసినప్పుడు తమకు కలిగిన మొదటి దిగులు పిట్టలు ఎక్కడ దిగుతాయనేదేనని కూడ ఆవిడ చెప్పింది. ఇచ్ఛాపురంలో భోజనానికీ, ఆటోకూ, టీకీ తప్ప నేను ఖర్చుపెట్టినది లేదు. ఏ పట్టికలోనూ ఆ ఊరికి తరగతి లేదు.

ఈ కథ తమ్ముడికి చెప్పాను. “పిట్టల రెట్ట చూడడానికి పిల్లను సెలవుల్లో తీసుకెళ్ళమంటావా?” అన్నాడు. అనలేదు. పిల్లకు విమానం ఎక్కాలని ఉన్నది, సముద్రం దాటాలని ఉన్నది. అవి తప్పుడు కోరికలు కావు. మేము బేరం కుదుర్చుకున్నాము. బ్యాంకాక్ వెళదాము, ఏనుగు ఎక్కము, పులిని పట్టుకోము. దానికి బదులు ఏనుగులు తమంతట తాము తిరిగే చోటికి పోదాము. బ్యాంకాక్‌కు మూడు గంటల ప్రయాణంలో ఖావో యాయ్ అనే అడవి ఉన్నది. 1962లో ఏర్పడిన, ఆ దేశపు మొదటి జాతీయవనం. అడవి ఏనుగులు అప్పుడప్పుడు రోడ్డు మీదికి కూడ వస్తాయట. మా మరదలు మాత్రం, “కనిపించకపోతే దీని ఏడుపు మీరే పట్టాలి వదినా” అని ముందే హెచ్చరించింది. తన వంతుగా తమ్ముడు, వచ్చే సంక్రాంతికి తన దుకాణం పక్క స్థలాన్ని బరి గుడారానికి అద్దెకు ఇవ్వనన్నాడు. ఆ అద్దె చిన్న మొత్తం కాదు. ఊరిలో మాట పడవలసి వస్తుందని కూడ వాడికి తెలుసు. జనవరి వచ్చినప్పుడు చూడాలి.

మే నెలలో వెళ్ళాము. అడవిలో రెండు రోజులు తిరిగాము. గిబ్బన్ కోతుల కూతలు విన్నాము, సాంబార్ దుప్పిని చూశాము, జలగలు కరిచాయి. ఏనుగు కనిపించలేదు. రెండవ సాయంకాలం, మలుపు దగ్గర డ్రైవరు బండి ఆపి వ్రేలు చూపించాడు. రోడ్డు మధ్య తాజాగా, ఇంకా ఆవిరి వస్తూ, తట్టెడు ఏనుగు లద్దె. పక్కన వెదురుపొద విరిగి ఉంది. మేనకోడలు దిగి, అంతదూరంలో నిలబడి చాలాసేపు చూసింది. “ఇప్పుడే వెళ్ళిందా అత్తా?” అని గుసగుసగా అడిగింది, పొద వెనుక ఉన్నదానికి వినబడుతుందేమోనని. డ్రైవరు ఇంజను ఆపివేశాడు. అయిదుగురం ఊపిరి బిగబట్టి వెదురు వైపు చూస్తూ నిలబడ్డాము. ఎక్కడో ఒక కొమ్మ విరిగిన చప్పుడయింది. అంతే. భీమవరం చేరాక అది నాయనమ్మకు మొదట చెప్పినది విమానం గురించి కాదు, ఆ లద్దె గురించి.